నా కోసం అలిగిన వియ్యపురాలు

మా వియ్యపురాలు పోయింది. పొద్దున మేము నడిపే హాస్టల్ పిల్లలకు ఉప్మా కలుపుతుంటే మా పెద్దమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, అత్తయ్య లేస్తలేదే. పిలిస్తే పలుకుతలేదు" అంది. నాకు అప్పుడే అర్థమైపోయింది. పిలిస్తే పలక్కుండా ఉండే మనిషి కాదు ఆవిడ. పిలవకపోయినా పలికే మనిషి.

గరిటె వంటమనిషి చేతిలో పెట్టి ఆటో ఎక్కాను. అమీర్‌పేట నుంచి శ్రీనగర్ కాలనీ ఎంత దూరమని? నేను చేరేసరికే ఫ్లాటు గుమ్మంలో చెప్పులు గుట్టపడి ఉన్నాయి. బతికుండగా ఆ గడప తొక్కడానికి జంకినవాళ్లంతా, ఇక ఆవిడ నోరు లేవదని తేలాక, ధైర్యంగా వచ్చేశారు. "చాలా ముక్కుసూటి మనిషండీ" అని ఒకాయన, "మనసు వెన్న" అని ఒకావిడ. ఆ వెన్న ఎప్పుడు చూసిందో ఆవిడ! ముక్కుసూటి మనిషి అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకరు తిట్టిన తిట్లన్నీ మనకు తగినవేనని లోపల తెలిసి, పైకి ఒప్పుకోలేనివాళ్లు వాడే మాట అది.

మా వియ్యపురాలిది వెన్న మనసేమీ కాదు. ఆవిడకు మనుషులంటే చులకన. అందులో పేద, గొప్ప, ఆంధ్ర, తెలంగాణ అన్న తేడా ఎప్పుడూ చూపలేదు. గుంటూరు వైపు నుంచి పెళ్లయి ఈ ఊరొచ్చి, మొగుడు పోతే ఆయన ఉద్యోగం తను చేసి, ఉన్న ఒక్క కొడుకునీ పెంచుకుంది. ఆఫీసులో అందరికీ సింహస్వప్నమట. ఆవిడ నోట మెచ్చుకోలు మాటల్లో అన్నిటికన్నా పెద్దది "పర్లేదు". అది దక్కినవాళ్లు చాలా తక్కువ. వంట బాగుంటే "తినొచ్చు" అనేది. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నేనిచ్చిన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, "టీ అని ఇచ్చారు కాబట్టి నమ్ముతున్నాను" అంది. మా అమ్మాయీ వాళ్లబ్బాయీ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. అందుకని నేను ఆ మాట కూడా మింగాను. లోపల మాత్రం, నా బిడ్డ ఈమెతోని ఎట్ల ఏగుతదో అని ఒకటే గుబులు.

పెళ్లి కుదిరింది. తాంబూలాలు మార్చుకున్నాం. నాకు నలభై ఐదు నిండాయి అప్పటికి. పెద్దమ్మాయి పుట్టాక మళ్లీ కడుపు పండలేదు. తిరగని డాక్టర్ లేడు, మొక్కని దేవుడు లేడు. చివరికి ఇద్దర్నీ మానేశాను. అలాంటిది నెల తప్పితే, ముట్లుడిగే వయసు వచ్చిందిలే అనుకున్నాను. వేవిళ్లను గ్యాస్ అనుకుని సోడా తాగాను. పంజగుట్టలో లేడీ డాక్టర్ స్కానింగ్ తెర నా వైపు తిప్పి "నాలుగో నెలమ్మా" అంటే, ఇంకెవరితోనో అంటోందేమోనని వెనక్కి తిరిగి చూశాను.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత బాగా ఆకలేసింది. నాకు ఆ బిడ్డ కావాలి. ఆ సంగతి అక్కడే, ఆ బల్ల మీద పడుకుని ఉండగానే నాకు తేలిపోయింది. నాలో ఏ గందరగోళమూ లేదు. గందరగోళమంతా మావాళ్లది.

మా ఇంట్లో పంచాయితీ పెట్టారు. మా పెద్దన్న ప్లాట్లు అమ్మిస్తాడు, దాంతో తనకు తాను పెద్దమనిషైపోయాడు. సోఫాలో కాళ్లు బారజాపి మొదలుపెట్టాడు.

"బిడ్డ పెండ్లి పెట్టుకొని గిదేం పనే? నలుగుట్ల ఇజ్జత్ పోతది. ఆళ్లు అసలే మాటలంటోళ్లు. సంబంధం తప్పిపోతది జూడు. సప్పుడు గాకుండ తీపిచ్చుకో."

మా ఆడబిడ్డ అందుకుంది. "అల్లుడొచ్చే యాల్లకు అత్త కడుపుతోని తిరుగుడేంది వదినె? నవ్విపోరా?"

మా ఆయన ఫ్యాన్ వంక చూస్తూ కూర్చున్నాడు. కడుపు నాది, సిగ్గు ఆయనది. రోజూ వెళ్లే చాయ్ హోటల్ మానేసి, తెలిసినవాళ్లు లేని హోటల్ వెతుక్కుంటూ యూసుఫ్‌గూడ దాకా వెళ్లి తాగి వచ్చేవాడు ఆ రోజుల్లో. ఇందులో తన భాగమేమీ లేనట్టు!

"తియ్యను" అన్నాను. "గా పెండ్లీ అయితది, గీ బిడ్డా పుడ్తది. మీకు సిగ్గైతే మొకం మీద తువ్వాల ఏసుకోండ్రి."

నా పక్షాన ఉన్నది మా అమ్మాయి ఒక్కతే. "కను అమ్మా, నాకు సుత ఎవ్వరు లేరు గదా" అంది. సరే, నేను దిగిరానని తెలిసి మావాళ్లు ఒక ఉపాయం పన్నారు. పెళ్లయ్యేదాకా మగపెళ్లివారికి తెలియనివ్వకూడదు. ఎవరైనా అడిగితే థైరాయిడ్ అనాలి. మన ఊళ్లో ఆడమనిషి లావైతే థైరాయిడ్, చిక్కితే షుగరు. ఇంకే కారణమూ ఉండదు కదా!

అలా నేను థైరాయిడ్ మోసుకుంటూ పెళ్లి చీరలు కొనడానికి వెళ్లాను. పంజగుట్టలో ఒక పెద్ద చీరల కొట్టు. పరుపు మీద మా వదిన, నేను, ఎదురుగా మా వియ్యపురాలు. చీరలు ఒక్కొక్కటే విప్పుతున్నారు, ఆవిడ ఒక్కొక్కదాన్నే తీసిపారేస్తోంది. "ఇది చీరా, తోరణమా?" అంటోంది. ఇంతలో లోపలున్నది గట్టిగా ఒక్క తన్ను తన్నింది. నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. ఆవిడ చీర వదిలేసి నన్ను చూసింది.

"ఎన్నో నెల?"

కొట్టంతా వినబడింది. మా వదిన కంగారుగా, "అయ్యో, అది థైరాయిడ్ అండి" అంది.

"థైరాయిడ్ కాళ్లతో తంతోందా?"

సేల్స్ పిల్లలు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. నాకు భూమిలోకి కుంగిపోదామన్నంత పనైంది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "వదినగారూ, దీని కోసం పెండ్లి ఆపొద్దు. నా బిడ్డ ఏం జేసింది?" అన్నాను.

ఆవిడ నా చెయ్యి విదిలించింది. "నీ కడుపుకీ మావాడి పెళ్లికీ ఏంటి సంబంధం? వాడు నీ కూతుర్ని చేసుకుంటున్నాడు. బిడ్డను దాచుకుంటారా ఎవరైనా, దొంగసొత్తులాగా? తెలివితక్కువ సంత!" ఆ సంత మా వదిన వైపు చూసి అన్నది. తర్వాత కొట్టు కుర్రవాణ్ని పిలిచి, "ఈవిడకు కుర్చీ వెయ్యి. నేల మీద కూర్చోబెట్టారు, బుద్ధి లేకపోతే సరి" అంది. నాకు ఒక లేత పసుపు చీర ఏరి నా ఒళ్లో పడేసింది. "పర్లేదు" అంది. చీరనో నన్నో ఇప్పటికీ తెలీదు.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. ఎదురుగా పిల్లలు పుట్టించే ఆస్పత్రి హోర్డింగు. బోసినవ్వు పాపాయి, పక్కన తెల్లకోటు డాక్టరు, ఏ వయసులోనైనా అమ్మ కావచ్చునని పెద్ద అక్షరాలు. ఆవిడ దాన్ని పైనుంచి కిందికి చదివింది. "చూశావా? డబ్బు పోసి కంటే సైన్సు. ఊరికే కంటే సిగ్గులేనితనం. ఈ మొహాల దగ్గర గౌరవం కావాలంటే బిల్లు చూపించాలే" అంది. అక్కడ నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. అన్నాళ్లకు నవ్వడం అదే.

ఇక పెళ్లి. మీరు మా వియ్యపురాల్ని గుర్తుంచుకోవలసింది ఈ పెళ్లి వల్లే. మగపెళ్లివారికి మొదటే తెలిసిపోయింది కాబట్టి దాచేందుకు ఏమీ మిగల్లేదని మావాళ్లు కొత్త రాగం ఎత్తుకున్నారు. నిండు కడుపుతో ఉన్నామె కన్యాదానం చేస్తే పిల్లకు అరిష్టమట. మా ఆడబిడ్డ తేల్చింది. పంతులుగారు పంచాంగం చూసి, మా అన్న మొహం చూసి, "కూర్చోకపోతేనే మంచిదమ్మా" అన్నాడు. పంచాంగంలో ఏముందో నాకు తెలీదు. మా అన్న మొహంలో ఏముందో తెలుసు. ఆయన అప్పటికే మా ఇద్దరికి బదులు తనే అన్నట్టు కొత్త పట్టుపంచె కట్టుకుని, పెళ్లికొడుకు కాళ్లు కడగడానికి తయారుగా ఉన్నాడు.

పిల్లకు అరిష్టం అన్న మాట దగ్గర నేను లొంగిపోయాను. ఎంత తెగించినదైనా ఆ మాటకు భయపడుతుంది. అమీర్‌పేట ఫంక్షన్ హాల్లో, నా ఒక్కగానొక్క బిడ్డ పెళ్లిలో, నేను వెళ్లి భోజనాల హాల్లో పెరుగన్నం గిన్నెల దగ్గర కూర్చున్నాను. పుట్టిన నాటి నుంచి ఆ పిల్ల పెళ్లిలో కాళ్లు కడగాలని కలలు కన్నదాన్ని. అవతల సన్నాయి వినిపిస్తుంటే ఇవతల వడ్డించే కుర్రాళ్లు నన్ను చూసి, "అమ్మా, జర అటు జరుగు" అంటున్నారు.

మా వియ్యపురాలు కాఫీ చల్లారిపోయిందని దెబ్బలాడ్డానికి అటొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"ఇక్కడేంటి నువ్వు? అవతల ముహూర్తం ముంచుకొస్తుంటే?"

చెప్పాను. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. ఆవిడను కూడా ఆ పొద్దున వెనక వరసలో కూర్చోమన్నారని నాకు తెలుసు. కొడుకు పెళ్లికి పీటల మీద కూర్చున్నది మరిదీ తోడికోడలూ. భర్త లేని ఆడది ముందుకు రాకూడదు కదా, వీళ్ల మర్యాదలో.

"మొగుడు పోయాడని నన్ను పక్కన పెట్టారు. మొగుడున్నాడని నిన్ను పక్కన పెట్టారు. ఇక పీటల మీద కూర్చునేదెవరే, వంటవాళ్లా?" అంది. కాఫీ గ్లాసు అక్కడే బల్ల మీద పెట్టి విసవిసా వెళ్లిపోయింది.

విడిది గదిలోకి వెళ్లి, పెళ్లికొడుకుని లోపలే ఉంచి, తలుపేసుకుంది. రెండు నిమిషాల్లో కబురు హాలంతా పాకిపోయింది. మగపెళ్లివారు అలిగారు! పెళ్లికొడుకు తల్లి అలిగింది!

అలక అంటే తెలుసుగా మీకు. మగపెళ్లివారి జన్మహక్కు. కాఫీలో చక్కెర తక్కువైందని అలుగుతారు, బావమరిదికి బట్టలు పెట్టలేదని అలుగుతారు, ఆడపిల్లవాళ్లు గడ్డం పట్టుకుని బతిమాలాలి. అంత నీచమైన ఆచారం ఇంకోటి లేదని నా అభిప్రాయం. మా అన్నకు మాత్రం అది పండగ. పెద్దమనిషి పనితనం చూపించే సమయం వచ్చిందని పంచె ఎగ్గట్టి విడిది తలుపు దగ్గరికి ఉరికాడు. వెనకాల మేమంతా.

"అమ్మా, ఏం గావాల్నో నోరు తెరిచి చెప్పుండ్రి. ఫికర్ వద్దు. ఎండి కంచం తక్కువైందా?"

లోపలి నుంచి ఆవిడ గొంతు. "కంచం కాదయ్యా, మనిషి తక్కువైంది."

"ఎవరమ్మా?"

"మావాడి కాళ్లు కడగాల్సిన మనిషి. పెరుగన్నం గిన్నెలకు కాపలా పెట్టారు. పిల్లను కన్నతల్లి కడిగితేనే మావాడు బయటికొస్తాడు. లేదంటే ఇంటికెళ్లి ఇడ్లీ తింటాం."

ఆవిడ మరిది తలుపు కొట్టాడు. "వదినా, ఏంటిది? కడుపుతో ఉన్నావిడ కూర్చోకూడదట."

"ఎవడా చెప్పింది? కడుపుతో ఉండటం మైలైతే మీరంతా ఎక్కణ్నుంచి ఊడిపడ్డారు? నీకు పీట ఇచ్చారుగా, వెళ్లి కూర్చో. అలక నాది."

మా అన్న ఎగ్గట్టిన పంచె దించుకున్నాడు. స్కూటర్ అడిగితే ఇవ్వగలడు, బంగారం అడిగితే బేరమాడగలడు. ఇలాంటిది అడిగితే ఏం చెయ్యాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు లబోదిబోమన్నాడు. ఎవరో, "శాస్త్రంలో దారేం లేదా పంతులూ?" అన్నారు. దారి వెంటనే దొరికింది! సంకల్పంలో ఒక మంత్రం కలిపితే దోషం ఉండదట. ఆ మంత్రం అంతకు ముందు ఎక్కడ పడుకుందో అడగాలనిపించింది.

లేత పసుపు చీరతో, నిండు పొట్టతో వెళ్లి పీట మీద కూర్చున్నాను. వంగలేకపోతే అల్లుడే పాదం ఎత్తి పట్టాడు. మా ఆయన నీళ్లు పోశాడు. ఆ రోజు ఆయన ఫ్యాన్ వంక చూడలేదు, నన్ను చూశాడు. మా అమ్మాయి తెర వెనక ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలుస్తోంది. లేచాక మా వియ్యపురాలి కోసం వెతికితే, మళ్లీ ఆ వెనక వరసలోనే, స్తంభం చాటున, చల్లారిన కాఫీ గురించి ఎవరినో దులుపుతోంది. నా కోసం అలగడానికి ఆవిడ ఉంది. ఆవిడ కోసం అలిగేవాళ్లు ఆ హాల్లో ఒక్కళ్లు లేకపోయారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. కానుపు చేయడానికి నాకు తల్లి లేదు, అన్నలు పిలవలేదు. ఆడపిల్లవాళ్లం మేము మగపెళ్లివారికి సేవలు చేయాలి గానీ, వియ్యపురాలొచ్చి వియ్యపురాలికి పథ్యం వండటం ఎవరైనా విన్నారా? ఆవిడ పొద్దున్నే అమీర్‌పేట వచ్చేది. కాళ్లు చాపి పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా లాక్కుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని నీళ్లు పోసేది. ఒళ్లు రుద్దుతూ ఒకటే తిట్లు. బిడ్డను, నన్ను, మా గీజర్ని. "ఈ వయసులో నా నడుం విరగ్గొట్టడానికి పుట్టావే" అనేది. నేను "వదినగారూ, మీకెందుకీ కష్టం" అంటే, "కష్టం కాక సుఖమా? నోర్మూసుకుని బాలింత కాయం తిను" అని ముద్ద నా నోట్లో కుక్కేది. ఆ చేతి కారపు వాసన ఇప్పుడు తలచుకుంటే కూడా వస్తోంది.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుకలో ఫొటోగ్రాఫర్ నాతో, "అమ్మమ్మా, పాపను వాళ్ల మమ్మీకియ్యి" అని మా పెద్దమ్మాయిని చూపించాడు. అందరూ కిసుక్కున నవ్వారు. "కెమెరాకు కన్నుంది, నీకు లేదా?" అంది ఆవిడ. ఆ తర్వాత వాడు ఎన్ని ఫొటోలు తీశాడో, అన్నిట్లోనూ నేనే.

ఏడాదిన్నరకు మా పెద్దమ్మాయికి కొడుకు పుట్టాడు. మా చిన్నది పాలపళ్లు పూర్తిగా రాకముందే పిన్ని అయింది. పిన్నీ కొడుకూ ఒకే పళ్లెంలో తిన్నారు, ఒకే జ్వరం తెచ్చుకున్నారు. మా అన్న దాన్ని కూడా వేళాకోళం చేసేవాడు. పిల్లను చూస్తే, "ఏమే ముసల్దాని బిడ్డా" అనేవాడు.

ఆ మాట బడి దాకా వెళ్లింది. ఒకరోజు మా చిన్నది, "అమ్మా, నువ్వు మీటింగ్‌కు రాకు. అక్కను పంపు" అంది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ సాయంత్రం మా వియ్యపురాలు దాన్ని ఎదురుగా నిలబెట్టింది.

"మీ అమ్మ ముసలిదేనే. అబద్ధమా? నెరిసిన జుట్టు కనబడట్లా?"

పిల్ల తల దించుకుంది.

"మిగతావాళ్ల అమ్మలు పడుచువాళ్లు. పెళ్లయింది, కన్నారు, అదేం గొప్ప? మీ అమ్మను వద్దు వద్దని ఊరంతా అడ్డం పడింది. అయినా నువ్వే కావాలంది. అలా కావాలనుకుని కన్న పిల్ల మీ క్లాసులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని రా, పో."

లెక్కపెట్టిందో లేదో తెలీదు. ఆ మీటింగ్‌కు నన్నే తీసుకెళ్లింది.

ఇప్పుడు ఆవిడ అద్దాల పెట్టెలో పడుకుని ఉంది. మొహంలో ఆ చులకన అలాగే ఉంది, అదొక్కటే నాకు ఊరట. ఎత్తే వేళైంది. అంతలో మనవడు, మా పెద్దమ్మాయి కొడుకు, ఆ పెట్టె అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. వదలడు. తండ్రి బతిమాలాడు, తల్లి బతిమాలింది. మా అన్న గుమ్మంలో నిలబడి, భుజాన తువ్వాలతో, "లాగుండ్రి, టైమైతుంది" అని హుకుంలు జారీ చేస్తున్నాడు. లాగితే వాడు కెవ్వున అరిచాడు.

"పిన్నిని పిలవండి. పిన్ని వస్తేనే."

వాళ్ల వైపు పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "పిన్నిగారు వచ్చారా? ఎక్కడున్నారండీ? ఎవరైనా ఫోన్ చేయండి" అంటూ ఆడవాళ్లలో ఎవరో పెద్దావిడ కోసం వెతకసాగారు.

పిన్నిగారు కింద సెల్లార్లో వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తోంది. ఎవరో చెప్తే తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఐదో క్లాసు పిల్ల. రెండు జడలు, ఒకటి ఊడిపోయింది. గుమ్మం నిండా మా అన్న.

"మామా, జర జరుగు. తొవ్వకు అడ్డం నిలవడ్డవ్."

ఆయన గోడకు అంటుకుపోయి దారిచ్చాడు. అది లోపలికి వెళ్లి వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. అద్దం మీద వాడు బిగించిన వేళ్లను ఒక్కొక్కటే విప్పి, తన చేతిలోకి తీసుకుంది. వాడు దాని భుజం మీద తల పెట్టాడు. ఇద్దరూ లేచి పక్కకు వచ్చారు. అప్పుడు పెద్దవాళ్లు పెట్టె ఎత్తారు.